జాప్యానికి కారణం

టెక్కలి కోర్టు వరండాలో మూడో స్తంభం నాది.
తెలుగు టైపు మిషను, ఒక స్టూలు,
గాలికి కార్బన్లు లేచిపోకుండా మీద ఒక తాళంకప్ప.
నన్ను అసిరయ్య అంటారు గానీ
కొట్టిన కాగితాల్లో నా పేరు ఎక్కడా ఉండదు.

ముద్దాడ కూర్మనాథం గారి దావాలన్నీ నేనే కొట్టాను.
ఆయన నవలలూ నేనే కొట్టాను.
రెండింటికీ పేజీకి ఒకటే రేటు.

ప్లీడరుగా ఆయనది పెద్ద చెయ్యి కాదు.
సాక్షిని అడగాల్సిన ప్రశ్న
సాయంత్రం టీ దగ్గర గుర్తొచ్చేది.
"అయ్యో అసిరయ్యా, ఆ మాట అడిగుంటే!"
అని నుదురు కొట్టుకునేవారు.
గ్లాసులో టీ మీద మీగడ కట్టేది.
అడగని ప్రశ్నలు ఆయన లోపల పేరుకున్నాయి,
వంశధార కాలవలో ఒండ్రు లాగ.

గొండు చిన్నమ్మడి కేసూ అంతే.
పలాసలో జీడిపిక్కలు కొట్టే మనిషి.
ముప్పై సెంట్ల తోట
మరిదికి అమ్మినట్టు కాగితం, కింద వేలిముద్ర.
గీత గీతా తెలుస్తూ, పండగ ముగ్గులా పడిన ముద్ర.
"నానెయ్యలేదు బాబూ" అంది బోనులో.
అంతకు మించి ఆమెని ఎవరూ అడగలేదు.
పోయింది.

తీర్పు నకలు కోసం దరఖాస్తు.
ఆమె బొటనవేలికి ఇంకు అద్ది నొక్కాను.
నున్నటి నల్ల మచ్చ.
మళ్లీ నొక్కాను. మచ్చే.
ఇరవయ్యేళ్ల జీడి నూనె
గీతలన్నీ తినేసింది.
వకాల్తా మీదా నేనే వేయించాను.
అప్పుడు కాగితం చూశాను, వేలు చూడలేదు.
కూర్మనాథం గారు ఆ మచ్చ కేసి చూస్తూ నిలబడ్డారు.
ఆ సాయంత్రం టీ తాగలేదు.

మూడు నెలలకి నా బల్ల మీద ఒక కట్ట.
మొదటి పేజీలో వాది లేడు, ప్రతివాది లేడు.
తెల్లారకుండానే ఒక ఆడమనిషి పిక్క కొడుతోంది.
అలవాటు కొద్దీ ఆమె పేరు పక్కన
'వయస్సు, వృత్తి, నివాసం' అని కొట్టి
మళ్లీ చెరిపాను.

వారపత్రికలో యాభై రెండు వారాలు.
ఆఖరి వారం లాయరు లేచి
"చెయ్యి చూపించమ్మా" అంటాడు,
జడ్జీ కళ్లజోడు తీస్తాడు.
పోస్టుమాను ఉత్తరాలు సంచితో తెచ్చి కుమ్మరించాడు.
పలాస స్టేషన్లో పల్లీలమ్మే కుర్రాడు కూడా
బుట్ట పక్కన ఆ పుస్తకం పెట్టుకున్నాడు.
పదకొండు ముద్రణలు. ఆ తరవాత ఇంకో ఎనిమిది నవలలు.
అన్నిట్లోనూ ఆయన ఓడిన కేసులే,
అన్నిట్లోనూ గెలిచారు.
మేకుకి వేలాడే నల్లకోటు
పాచి రంగుకి తిరిగింది.

మొన్న ఎండల్లో చిన్నమ్మడు వచ్చింది.
మనవరాలు చదివి వినిపించిందట, రాత్రికి కొంత.
సంతకం కోసం అనుకుని ఆయన పెన్ను తీశారు.
ఆమె చేతిలో పుస్తకం లేదు.
కొంగు ముడి విప్పి, నలిగిన యాభై నోటు బల్ల మీద పెట్టి
"అందులోన నాను గెలిసీసినాను గదా బాబూ,
ఆ తీర్పు నకలొకటి ఇప్పించు.
మా మరిదికి సూపిత్తాను" అంది.
కోపం లేదు, వెటకారం లేదు.
పెన్నుకి మూత పెట్టడం మరిచిపోయారాయన.

మర్నాడు కోటు దులిపితే బొద్దింక రాలింది.
"అప్పీలు వేద్దాం అసిరయ్యా."
ముందు జాప్యాన్ని మన్నించమని పిటిషను కొట్టాలి.
పన్నెండేళ్ల నాలుగు నెలలు.
సర్వే నంబరు చెప్పారు, హద్దులు చెప్పారు,
తూర్పు గెడ్డ, పడమర పుంత,
గబగబా, పాత ప్లీడరు లాగ.
"జాప్యానికి కారణం ఏమనగా" అని ఆగారు.

తొమ్మిది నవలలు రాసిన మనిషి.

మీటల మీద వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను.
చిన్నమ్మడు స్తంభానికి ఆనుకుని
ఆయన నోటి కేసే చూస్తోంది.
లోపల బంట్రోతు ఎవరి పేరో
మూడోసారి పిలుస్తున్నాడు.