పులి ఆరడానికి మూడు రోజులు

దాని జాతి పేరే పులి.
నేను పెట్టింది కాదు, కాగితంలో ఉంది.
ఎక్కడో చలిదేశంలో గొర్రెల్ని మళ్ళించే కుక్కలట.
ఇంటింటి లెక్క రాసుకోడానికొచ్చిన పంతులమ్మ
"ఇంట్లో ఎవరెవరండీ?" అంటే
"నేనూ, పులీ" అన్నాను.
ఆవిడ పెన్ను ఆపింది.
గుమ్మంలో కాళ్ళు తుడుచుకున్న పీచుపట్టా
లేచి నిలబడి ఒళ్ళు దులుపుకుంది.

రొయ్యల చెరువుల నరసరాజుగారు
బెంగళూరు నించి కారులో తెచ్చుకున్నారు దీన్ని.
ఏడాది ముద్దు.
బొచ్చు ముడిపడి తాళ్ళు దిగడం మొదలయ్యాక
మా పీచు షెడ్డు ముందు దింపేశారు.
"నీకైతే అలవాటేగా, సూర్యావతీ."

ఆయ్, అలవాటే.
అంబాజీపేటలో ముప్ఫై యేళ్ళు
నానిన కొబ్బరిడొక్కలు కొట్టి, పీచు దులిపి
రెండు పాయల్ని ఒక తాడు చేసిన చేతులివి.
ఇప్పుడు పని తిరగబడింది.
ఒక తాడు ఇంకో తాడుతో కలవకూడదు,
మొదట్లో అతుక్కుంటే చర్మం దాకా చీల్చాలి.
దువ్వెన పనికిరాదు.
బొటనవేలూ, చూపుడువేలూ, పొద్దుగూకేదాకా టైమూ.
చెవుల వెనక తొందరగా కలుస్తాయి,
చంకల్లో ఇంకా తొందరగా.
అక్కడ చీల్చేటప్పుడు మాత్రం
ఊపిరి బిగబట్టి నా మోకాలి మీద గెడ్డం ఆనిస్తుంది.

ఒంట్లోంచి ఏరినవి:
వడ్లగింజలు, తుమ్మముల్లు, నత్తగుల్ల,
ఓసారి ఐదు రూపాయల బిళ్ళ.
కళ్ళు మాత్రం నాలుగేళ్ళలో
పదిసార్లు చూశానేమో.

కోతలైపోయాక ఏసుపాదం బాతుల్ని తోలుకొచ్చాడు,
ఎనిమిది వందలు.
దీనికి ఎవరూ నేర్పలేదు.
గట్టు దిగి, పొట్ట నేలకి ఆనించి,
వంకీ తిప్పినట్టు చుట్టూ తిరిగి
ఒక్క ఈక రాలకుండా
అన్నిటినీ ఒకే మడిలోకి చేర్చింది.
ఏసుపాదం నోట్లో బీడీ ఆరిపోయింది.
"జీతానికి పంపుతావా అక్కా?"

శ్రావణంలో వైనతేయ పాయ లంక మీదికి ఎక్కింది.
బాతులు ఈదుతాయి, వాటికేం.
వాటి వెనకాల ఇది దూకింది.

నీళ్ళు తాగిన పీచు బరువు
ఊళ్ళో నాకు తెలిసినంత ఎవరికీ తెలీదు,
నానిన డొక్కల గంపలు నెత్తినెత్తుకున్నదాన్ని.
పైట బిగించి రొమ్ములోతు దిగాను.
చేతికి దొరికినవే పట్టుకున్నాను, నాలుగు తాళ్ళు.
నేను పేనినవి కావు.
తెగలేదు.

ఆ తర్వాత కరెంటు లేదు.
ఒక్కో తాడూ చేత్తో పిండాను, పై నించి కిందికి,
ఆవుపొదుగు పిండినట్టు.
ఉన్న తువ్వాళ్ళన్నీ అయిపోయి చీరలకొచ్చాను.
రెండో రోజుకి తడి గోనెసంచీ వాసన.
పశువుల డాక్టరమ్మ ఫిలోమినా ముక్కు దగ్గర పెట్టుకుని చూసి
"బూజు పట్టేలోగా గొరిగించెయ్, మళ్ళీ వస్తుంది" అంది.
మళ్ళీ వస్తుంది, నిజమే.
ఇంత పొడవు రావడానికి నాలుగేళ్ళు.
కత్తెర తీశాను, పెట్టేశాను,
పొట్ట కింద మురిగిన పన్నెండు మాత్రం కోశాను.

మిగతాదాన్ని ఎండుకొబ్బరి బట్టీకి తీసుకెళ్ళాను.
పొగ తగలని మూల,
అరచేతికి వెచ్చగా అనిపించేంత దూరంలో,
తలుపు బార్లా తీసి.
పక్కనే నేనూ కూర్చుని
ఒక్కోటీ విప్పి గాలికి చూపించాను.
మధ్యలో లేచి రెండు కురిడీ ముక్కలు తినేసింది దొంగముండ.

కోసిన పన్నెండూ పారెయ్యలేదు.
చేతులు ఊరుకుంటాయా?
కూర్చున్నచోటే పేనేశాను,
జానెడు తాడు, బిగువుగానే వచ్చింది.
దడికి కట్టుకుంటానని ఏసుపాదం అడిగాడు.
దేనికైనా అడుగు గానీ దానికి కాదన్నాను.

ఇవాళ మూడో రోజు. ఎండ కాసింది.
వీపు ఆరింది, తోక ఆరింది,
కొబ్బరినూనె వాసనేస్తోంది ఊరంతా కుక్క.
ఎడమ చంకలో వేలు పెట్టి చూశాను.
ఇంకా తడే.