ఏడో వారం

శుక్రవారం సాయంత్రం అయిదింటికల్లా
మూడువేల మాటలు ఇవ్వాలి.
మొదటి చిత్తుప్రతి మార్జిన్లో
నెకేసా మేడమ్ పచ్చసిరా:
"తీర్పు ముందే చెప్పేశావు అపొండీ,
విచారణ ఎప్పుడు?"

అప్పటికి నా శీర్షిక "దళారుల దోపిడి".
వేలెడంత లేని ఒమెనా చేపని
గొరోగొరో డబ్బాతో కొలిచి
సరస్సు ఒడ్డున కారుచౌకగా కొని
కిసుము మార్కెట్లో బంగారంలా అమ్మేవాళ్ల మీద కోపం.
కోపానికి ఆధారాలు అక్కర్లేదనుకున్నాను.
ఆరు పేజీలు ఒక్క రాత్రిలో వచ్చాయి,
పొయ్యి మీద మరిచిన పాలు పొంగినట్టు.
తెల్లారి చూస్తే గిన్నెలో మాడు.

మళ్లీ మొదలు.
లైబ్రరీ రెండో అంతస్తు, కుంటి బల్ల.
అట్టముక్కకో ప్రశ్న రాసి పరిచాను.
'ఏమిటి'లు ఎడమకి,
'ఎలా'లు మధ్యకి.
'ఎందుకు' వైపు
బల్ల ఖాళీ.

మిన్ అవూర్ పిన్ని లెక్కల పుస్తకం తెచ్చుకున్నాను.
చేపల కంపు కొట్టే ఆధారం.
పక్క కుర్చీ అబ్బాయి లేచి కిటికీ తెరిచాడు.
పద్నాలుగు వారాల ధరలు, ప్రతి ధర పక్కనా
ఆమె పెన్సిలుతో గీసిన చంద్రుడు:
నిండుది, సగం, గోటిగీత, ఉత్త సున్నా.
వెన్నెల్లో దీపాల దగ్గరికి చేప రాదు,
చీకటి రాత్రే మనకి పంట
అని నా ఏడో ఏటే చెప్పింది పిన్ని.
అదే మాట అన్న జర్నల్ వ్యాసం దొరకడానికి
మూడు రోజులు పట్టింది.

గ్రాఫు గీశాను.
పున్నమికి ధర పైకి, అమావాస్యకి కిందికి.
దళారి బోనులోంచి దిగాడు, చంద్రుడు ఎక్కాడు.
ముచ్చటగా ఉంది,
ఏడో వారం తప్ప.

ఏడో వారం అమావాస్య. పడవల నిండా చేప.
ధర మాత్రం కొండెక్కి కూర్చుంది.
ఒక్క చుక్కే కదా,
చెరిపేస్తే గీత నున్నగా వస్తుంది.
ఇరవై నిమిషాలు రబ్బరు పట్టుకుని కూర్చున్నాను.
అబద్ధం అంత తేలిగ్గా ఉంటుందని,
వేళ్ల మధ్య ఇమిడేంత ఉంటుందని
అప్పుడే తెలిసింది.

ఫోన్ చేశాను.
"ఆ వారమా? వాన," నవ్వింది పిన్ని.
"నాలుగు రోజులు సూర్యుడి మొహం చూడలేదు.
అందరి చేపా ఆరబెట్టిన వలల మీదే మెత్తబడింది.
నాకు రేకుల షెడ్డు ఉందిగా!
కోళ్లమేత ధరకి వాళ్ల పచ్చిచేప కొన్నా,
ఎండబెట్టి అడిగినంతకి అమ్మా."
కాసేపు ఆగి,
"నీ సెమిస్టరు ఫీజు ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నావే?"

దళారి కాదు, చంద్రుడూ కాదు.
పొడి నేల ఎవరిదో, ధర వాళ్లది.

ఈ ఒక్క వాక్యం కోసం
అట్టముక్కలన్నీ తిరగేసి పేర్చాను.
పాత ఆరు పేజీల్లో ఒక్క పేరా బతికింది.
"స్పష్టంగా" అన్న మాట పదకొండు చోట్ల కొట్టేశాను.
నాకు తెలియని చోటల్లా
దాన్నే కాపలా పెట్టుకున్నాను మరి.

ఇప్పుడు గురువారం రాత్రి, రెండు దాటింది.
పత్రంలో "నేను" కనపడకూడదంటారు మేడమ్.
మరి ఆ షెడ్డు కింద, ఆ చేపల పక్కన
ఆరుతున్న నన్ను ఏ విభాగంలో పెట్టాలి?
'పరిమితులు' కింద రాసి చూశాను,
క్షమాపణ చెప్పినట్టుంది.
ముగింపులో రాశాను,
గొప్ప చెప్పుకున్నట్టుంది.
చివరికి తొమ్మిదో పాదసూచికలో, చిన్న అక్షరాల్లో:
"ఏడో వారం ధర వల్ల లాభపడినవారిలో
ఈ పత్ర రచయిత్రి ఒకరు."

మేడమ్ పాదసూచికలు చదువుతారో లేదో.
ఆకాశంలో చంద్రుడు లేడు.
ఈపాటికి పడవలు దీపాలు దింపి ఉంటాయి.
పేజీల సంఖ్యలు వేయడం ఇంకా మిగిలింది,
అది ఆపి లేచాను,
వాన ఏమన్నా పడుతోందేమో చూద్దామని.