సీసపు పిచ్చుక

రేణిగుంట గేటు దాటినాక, పట్టాలకు ఎడమ పక్క
రేకుల షెడ్డు ఒకటి ఉండేది.
ఇప్పుడు ఆడ టైర్ల అంగడి.
మా నాయన మునెప్ప ఆ షెడ్డులో
చచ్చిన బ్యాటరీల పొట్టలు కోసేవాడు,
లారీలవి, ట్రాక్టర్లవి, ఏవొస్తే అవి.
లోపలి పలకలు ఊడబెరికి బాండ్లీలో కాస్తే
పైన తెట్టు,
తెట్టు పక్కకు తోస్తే అడుగున పున్నమి చందమామ.

నాకు ఆరేండ్లు. బడి లేని దినమంతా ఆడనే.
మాయమ్మ మూటగట్టిన సంగటి, ఊరిబిండి
ఆ బూడిద చేతుల్తోనే తినేది.
ఒక దినం నాయన ఇసకలో వేలితో గుంట తీసి
గరిటెడు సీసం పోసి, నీళ్లు చల్లి,
"ఇదో మే, నీకు పిచ్చుక" అన్నాడు.
ముక్కు వంకర. రెక్క ఒకటే.
పండుకునేటప్పుడు బుగ్గన పెట్టుకునేదాన్ని.
తియ్యగా ఉన్నట్టుండేది.

నాయనకు నలభై దాటగానే మణికట్టు వాలిపోయింది.
గ్లాసు ఎత్తలేడు, బొత్తాం పెట్టుకోలేడు.
సారాయి అన్నారు ఊళ్లో.
ఆయన ఒక్క దినమూ తాగింది లేదు.

ఇప్పుడు నాకు ఏడో నెల.
తిరుపతి మెటర్నిటీ ఆస్పత్రిలో, వరండా బెంచీ మీద,
తొంభై మూడో చీటీ.
"రక్తం లేదమ్మా నీకు" అనింది డాక్టరమ్మ హంసవేణి.
ఐరన్ మాత్రలు మింగితిని. పెరగలా.
మళ్లీ మింగితిని. పెరగలా.
అప్పుడడిగింది, "చిన్నప్పుడు యాడ పెరిగినావు?"
అంతవరకూ ఎవరూ అడగని మాట.
షెడ్డు సంగతి చెప్పినా.
పిచ్చుక సంగతి చెప్పలా.

రక్తం వేలూరికి పోయి కాగితమై తిరిగొచ్చింది.
ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, తీసి, పెట్టి
నిదానంగా చెప్పింది:
ఒళ్లు సీసాన్ని చూసి సున్నమనుకుంటుందంట.
ఎముకలో దాచిపెడుతుందంట,
ఏండ్లకేండ్లు అది ఆడ గమ్మున పడుంటుందంట.
కడుపులో బిడ్డ ఎముకలు కట్టుకునే కాలానికి
తల్లి ఎముక తనది కరిగించి ఇస్తుంది.
సున్నం వెంట అదీ పోతుంది.

"బిడ్డకేమన్నా అవుతుందా?"
"ఏమీ కాకనూ పోవచ్చు. ముందే పుట్టచ్చు.
బరువు తగ్గచ్చు. బడిలో అక్షరం పట్టడానికి
నాలుగు దినాలు ఎక్కువ కావచ్చు. చెప్పలేం.
ఇంతవరకు పర్వాలేదు అనే గీత మాత్రం
ఎవరూ గీయలేదు."

బస్సులో ఏడుపు రాలేదు. లెక్క వచ్చింది.
నాయన ప్రేమగా పోసిచ్చింది
నేను ఇరవై రెండేండ్లు తుప్పు పట్టకుండా దాచినా.
పాల పళ్లు రాలిపోయినా, జడ గంటలు పోయినా,
అది పోలా.

పాలు, మునగాకు, రెండు పూటలా సున్నం మాత్ర,
రాగులు ఎంత తింటే అంత.
బిడ్డ అడిగేది గిన్నెను అడగాల,
నా ఎముకను కాదు.
సీమంతానికి అత్త తెచ్చిన కుంకం పొట్లం కూడా
పేరు చదివి పక్కన పెట్టినా.
ఆమె మూతి ముడుచుకునింది. ముడుచుకోనీ.

రాత్రి ట్రంకు పెట్టె అడుగున పిచ్చుక దొరికింది.
దొరసామి "స్వర్ణముఖిలో పారేద్దాం" అన్నాడు.
ఆ చేపలు తినేవాళ్ల ఇండ్లలో కడుపులు పండవా?
పాత సామాన్లోడికిస్తే
ఇంకో రేకుల షెడ్డులో, ఇంకో ఆరేండ్ల పిల్ల ముందర
మళ్లా చందమామ అవుతుంది.
చెత్త బండి పోయే దిబ్బ మీద
కాగితాలేరే పిల్లల్ని నేను చూసినా.

డబ్బాలో వేసి, మూత బిగించి, మైనం కరిగించి పోసి
అటక మీద పెట్టినాడు.
మూత మీద రాసినాడు: పిల్లలు ముట్టరాదు.
ఆ అక్షరాలు నేర్చేలోపు వాడు అటక ఎక్కడా?

చేతులు మోచేతుల దాకా కడుక్కున్నా.
లోపల ఒక తన్ను, పక్కటెముక కింద,
సరిగ్గా ఆడనే.
"ఆకలేస్తా ఉంది" అన్నా,
"ఇంకో ముద్ద వెయ్."