ఏమీ కట్టని నెల

"నెల రోజులకి బిల్లు పెట్టావు, బానే ఉంది గానీ
ఏం కట్టావమ్మా ఈ నెలలో?"
అన్నారు కాశీవిశ్వనాథం గారు
కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి.

నిజమే. ఒక్క స్క్రీను గీయలేదు,
ఒక్క వరుస కోడు రాయలేదు.
మూడు నోటుబుక్కులు, ఆగని తుమ్ములు,
కళ్లు తుడుచుకోకూడదని తెలిసేలోపే
తుడుచుకున్న చెయ్యి.
ఇంతే నా దగ్గరున్న సరుకు.

మాఘమాసంలో ఆయన ఫోను చేసినప్పుడు
అంతా తేలిపోయినట్టే ఉంది.
"యాప్ కావాలి. రైతు ఫోన్లో నొక్కితే
తన టిక్కీలు ఏ గదిలో ఉన్నాయో కనపడాలి.
ఉగాదికి కొబ్బరికాయ కొట్టాలి."
అడ్వాన్సు సాయంత్రానికే పడింది.
నా వేళ్లూ దురద పెట్టాయి, అబద్ధమెందుకు.
అయినా నెల రోజులు చూడనివ్వండి అన్నాను.
"చూడ్డానికేముంది? చలి, చీకటి, మిరపకాయలు!"

తెల్లారకముందే యార్డుకి పోయాను.
లారీల మీంచి తేజ దిగుతోంది, బాడిగ దిగుతోంది.
గుంటూరు మీదకి సూర్యుడు కూడా
ఒక తుమ్ము తుమ్మే లేచాడు.

బొల్లాపల్లి నుంచి వచ్చిన గోవిందు నాయక్
బొత్తాలకి ప్లాస్టరు అంటించిన ఫోను చూపించాడు.
"ఏ గదిలో ఉంటే నాకేంటమ్మా?
పోయినేడు వానకి బాండు తడిసి ముద్దయింది.
నా సరుకు నాదేనని చెప్పుకోడానికి
పదకొండు రోజులు తిరిగా.
దానికేమన్నా నొక్కేది ఉందా?"

మొదటి పేజీలో మొదటి వాక్యం
అక్కడే కొట్టేశాను.

ఏటుకూరు రోడ్డులో, ఏసీ నాలుగో అంతస్తులో
గోనె కప్పుకుని నిలబడి చూశాను.
హమాలీ ఏసుపాదం టిక్కీ దించి
సుద్దముక్కతో ఏదో గీస్తున్నాడు.
చేప. కొడవలి. పక్కన చుక్క.
"చేపంటే బాపట్ల వైపు సరుకు.
కొడవలంటే వినుకొండ.
చుక్కుంటే బ్యాంకు లోనుంది, కదపగూడదు."
ఇదంతా ఎవరికైనా చెప్పావా అన్నాను.
"ఎవురడిగారు?"

కింద తొడిమలు తీసే సలోమి
చెయ్యి ఆపకుండానే అంది:
"తడి ఉన్న టిక్కీ తియ్యగా వాసనేస్తది.
అది లోపలికి పోయిందా, పక్కవీ పాడే.
అయ్యగారు మాత్రం
దొంగతనమని కెమెరాలు పెట్టించాడు."

ఆ రాత్రి బస్సులో లెక్క వేసుకున్నాను.
అడిగింది అడిగినట్టే కట్టి ఉంటే
ఉగాదికి కొబ్బరికాయ పగిలేది,
యాప్ అందంగా వెలిగేది,
గోవిందు నాయక్ పన్నెండో రోజూ తిరిగేవాడు.
తప్పు ఇల్లు కట్టడానికీ
ఇటుకలు అన్నే పడతాయి.

ఇదంతా ఆయనకి చెప్పాను.
యాప్ ఇప్పుడొద్దు.
బాండుకి రెండో కాపీ, దానికో నంబరు,
ఆ నంబరు చెప్తే తెలుగులో జవాబిచ్చే ఫోను.
గుమ్మం దగ్గర తేమ చూసే మిషను,
మిషను పక్కన సలోమి.
సుద్దగీతల్ని మాత్రం చెరపొద్దు, నేర్చుకుందాం.
మీరనుకున్న ఖర్చులో ఐదో వంతు.

ఆయన చాలాసేపు ఫ్యాను వంక చూశారు.
"మా నాన్న కాలం నుంచీ నడుపుతున్నా.
నాకు తెలియంది నీకు నెలలో తెలిసిందా?"
నాకేం తెలియలేదండీ, అడిగానంతే.

కోపమో, సిగ్గో, ఇప్పటికీ చెప్పలేను.
శాలువా లాక్కుని లేచారు.
లిఫ్టు పనిచేయడం లేదు,
నాలుగంతస్తులు ఆగి ఆగి ఎక్కారు.
నోట్లోంచి పొగలా ఊపిరి.
సుద్దముక్క పట్టుకున్న చెయ్యి
ఆయన్ని చూసి వెనక్కి దాక్కుంది.

ఆయన చేప గురించే అడుగుతారనుకున్నాను.
బస్తాల వంక చూసి, అతని వంక చూసి
గొంతు సవరించుకున్నారు.

"నీ పేరేంటోయ్?"

ఇరవై రెండేళ్ల తర్వాత.

బిల్లు ఇంకా కింద బల్ల మీదే ఉంది,
సంతకం పడలేదు.