ఆరో నంబరు మంచం

మిల్లు సైరను కన్నా
మా మంచమే ముందు కూసేది.

గంటస్తంభం వెనక పాత సామాన్ల కొట్లో
పన్నెండొందలకి బేరమాడి
ట్రాలీ ఆటోలో, దాని మీద నేనే కూర్చుని
నెల్లిమర్ల దాకా తెచ్చుకున్న మంచం.
దారంతా నోరెత్తలేదు.
ఇంట్లో దించిన రాత్రే మాట నేర్చింది.

ఒత్తిగిలితే కిర్రు.
దగ్గితే కిర్రు.
దోమని కొడితే దోమ చావదు గానీ కిర్రు.
ఊపిరి కాస్త గట్టిగా పీల్చినా
పక్క వాటా వాళ్ళకి కబురు.

వాళ్ళకీ మాకూ మధ్య ఒక ఇటుక మందం గోడ.
అవతల జోగినాయుడు మాస్టారు, తవిటమ్మ గారు.
నూతి దగ్గర ఆవిడ చేద వదుల్తూ
నా వేపు చూడకుండా అంది:
"ఓలమ్మీ, మీ మంచానికి కూసింత నూనెయ్యరాదేటి?
మాస్టారికి నిద్దర్లేదు."
ఆ పూట ఖాళీ బిందెతోనే వచ్చీసాను.

తర్వాత నెల్లాళ్ళూ మేం చాప మీద,
మంచం మీద బియ్యం బస్తా.
ఓ రాత్రి ఎలక దూకితే
బస్తా కిందా కూసింది.

ఆదివారం. మిల్లుకి సెలవు.
నూట ఇరవై మగ్గాల మోతలో
ఏ మగ్గానికి ఏ బోల్టు వదులో
చెవితోనే చెప్పే మనిషి మా సింహాద్రి.
ఇంట్లో మాత్రం మంచంకోడుకి చెవానించి
"తలాపున కూకో... ఇప్పుడు కాళ్ళేపు... కూసింత ఊగు" అంటాడు.
ఊగితే నాకు నవ్వొస్తుంది,
నవ్వితే కిర్రు.
"నవ్వకు, సౌండెక్కడో దాక్కుంతంది" అని కసురుతాడు.

పక్క తీసేసి తిరగేసాం.
అడుగున పసుప్పచ్చ రంగుతో
రూం నం. 6 అని రాసుంది.
ఏ లాడ్జిదో. ఏ బస్టాండు ఎదురుదో.
ఎవరెవరు పడుకున్నారో దీని మీద.
పెళ్ళిచూపులకొచ్చి వానలో చిక్కుకున్నవాళ్ళు,
ఆస్పత్రి కబురు తెల్లారితే గానీ తెలీనివాళ్ళు,
తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నవాళ్ళు.
కిర్రు వాళ్ళది.
మేం అందులో అద్దెకి దిగాం, అంతే.

కాసేపు ఇద్దరం మాటాడుకోలేదు.
తర్వాత తుప్పు వాషర్లు డీజిల్లో నానేసాడు.
మిల్లు నుంచి జేబులో తెచ్చిన గోగునార
కరిగిన కొవ్వొత్తిలో ముంచి
బెజ్జాల్లో కుక్కుతున్నాడు, బస్తా మూతి కుట్టినట్టు.
"అలక్కాదు, కుచ్చిళ్ళు దోపినట్టు దొయ్యాల" అన్నాను.
స్పానరు చేతిలో అలాగే ఉంది,
నా వేపు చూసాడు.
నేను వాషర్లు లెక్కపెట్టుకున్నాను.

రాత్రి
ముందు బియ్యం బస్తాని దించాం.
నేనెక్కాను. తనెక్కాడు.
ఒత్తిగిలాం. దగ్గాం. కావాలనే తుమ్మాం.
మంచం నేలలా ఉంది.
చంపావతి వేపు నుంచి తడిగాలి.
లైటు తీసాం.

కిర్రు.

బిగుసుకుపోయాం ఇద్దరం.
"నువ్వా?"
"నాను కాదు."
మళ్ళీ కిర్రు. తాపీగా. వయసు మళ్ళిన కిర్రు.
మధ్యలో ఒక దగ్గు, మాస్టారిది,
గోడకవతల.
ఆ వెనకే తవిటమ్మ గారి గొంతు,
నూతి దగ్గర ఎన్నడూ వినని గొంతు.

తలగడ నోట్లో కుక్కుకుని
కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వాం.
మా మంచం ఒక్క ముక్క బయటపెట్టలేదు.

పొద్దున్న
మిగిలిన కొవ్వొత్తి ముక్క, గుప్పెడు గోగునార
కాగితంలో చుట్టి ఆవిడ బిందె పక్కన పెట్టాను.
ఏటిది అనలేదు.
కొంగున ముడేసుకుంది.
చేద నా చేతికిచ్చి
"ఈయేళ ముందు నువ్వు తోడుకో" అంది.