ముందు అది రానీ

ఆదోని పత్తి మార్కెట్టు వెనక సందులో
పీరాన్ సాబ్ రేడియో అంగడి.
ఎండాకాలం గాలికి పత్తి పింజలు ఎగిరొచ్చి
విప్పిన రేడియోల కడుపుల్లో పడేవి.
గోరుతో ఒక్కొక్కటే ఏరడం నా మొదటి ఉద్యోగం,
ఎస్సెల్సీ తప్పిన ఏడు.

మద్రాసు నుంచి వాల్వులు వచ్చేవి
ఇంగ్లీషు పేపర్లు చుట్టుకొని.
ఒకరోజు ఒక కాగితాన్ని ఉండ చుట్టబోతే
"చదువు మద్దిలేటీ, బొమ్మ బాగుంది" అన్నాడు.
గోడల నిండా తీగలు. వాటి ముందు ఇద్దరు ఆడోళ్ళు.
లెక్కలు చేసే యంత్రమంట సాబ్,
గది గదంతా అదేనంట,
పద్దెనిమిది వేల వాల్వులంట.

లెక్కల సంగతి ఆయన అడగలేదు.
టంకం కడ్డీ పక్కన పెట్టి
చానాసేపు గోడ చూశాడు.
"ఐదింట్లో ఒకటి చస్తేనే నా రేడియో మూగబోతుందే,
పద్దెనిమిది వేలల్లో
పోయినదాన్ని ఎవరు వెతుకుతారప్పా?
ఆ యమ్మలేనా?
పాపం, రాత్రిళ్ళు కూడానా?"

ఆ వారం రిపేర్లు లేవు.
పాత సెట్టులోంచి రెండు వాల్వులు పీకి
దీని ముక్కుతాడు దాని కాలికి,
దాని ముక్కుతాడు దీని కాలికి కట్టి
రెండు చిన్న బల్బులు పెట్టాడు.
ఒకటి వెలిగితే రెండోది ఆరాల.
నొక్కితే అటు. మళ్ళీ నొక్కితే ఇటు.
వేలు తీసేసినా అట్లే నిలబడింది.

"ఇప్పుడు దీనికి ఒక సంగతి తెలుసు."
ఏం సంగతి సాబ్?
"నువ్వు నొక్కినావని."
అంతేనా?
"ముందు అది రానీ."

మా నాయన మార్కెట్లో దలాలి.
తువ్వాల కింద వేలు మడిస్తే ఒక ధర, చాపితే ఒక ధర,
పైన మొహం మాత్రం బండరాయి.
ఆ రాత్రి ఇంట్లో చెప్తే
"వేళ్ళకి కరెంటు పెట్టినాడన్న మాట మీ సాబు" అని
ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

మర్నాడు పొద్దుగూకినాక కరెంటు పోయింది.
చీకట్లో ఏంచిన బుడ్డలు ఒలుచుకుంటా పందెం కట్టినాం,
వచ్చినాక ఏ బల్బు?
నొక్కి పెట్టిందే అని నేను, ఒక అణా.
ఆయన రెండోది, నవ్వుతా.

వచ్చింది.
వాల్వులు వేడెక్కేదాకా
బుడ్డలు నమలడం కూడా ఆపేసినాం.
నొక్కని పక్క వెలిగింది.

అణా తీసుకోలేదు సాబ్.
దాని మీద పడిన పింజను ఉఫ్ మని ఊది
"మళ్ళీ చెబుదాం లే" అన్నాడు,
పలక తుడిచేసుకొచ్చిన పిల్లోడితో
అన్నట్టు.