లాభం, రెండు, మూడు

పాతూరిలో, హార్బరు నోటి దగ్గర మూడు కొండలున్నాయి.
ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా,
ఒకదాని మీద మేరీమాత.
మాకు కొండ లేదు.
కురుపాం మార్కెట్ వెనక పద్నాలుగు మెట్లు,
పైన అద్దె గది.

ఈ ఊళ్లో అందరూ సముద్రానికి ఎదురుగా నిలబడతారు,
మేం వీపు తిప్పుకుంటాం.
యెరూషలేము పడమటికి కదా!
పడమటి కిటికీలోంచి కనపడేది మాత్రం
బొగ్గు గుట్టలు, కన్వేయర్ బెల్టు,
ఎరువుల ఫ్యాక్టరీ పొగగొట్టం వెనక దిగిపోయే సూర్యుడు.
నఫ్తాలి బాబాయి ఆటో తాళాలు గూట్లో పెడుతూ అంటాడు:
"అంత దూరం పోయే ప్రార్థన
ముందు గాజువాక ట్రాఫిక్ దాటాలి."

శుక్రవారం రొట్టె దస్తగిరి బేకరీది.
ఎలా అల్లాలో అమ్మే చూపించింది అతనికి,
నా జడ విప్పి, మళ్లీ అల్లి.
అతని చీటీలో ఇప్పటికీ
"జడ రొట్టె, రెండు" అనే ఉంటుంది.
ద్రాక్షారసం అంటే
ఎండుద్రాక్షలు నానేసి పిసికిన నీళ్లు.
పొద్దు వాలకముందే దీపాలు నేను వెలిగించాను.
ఆ తర్వాత నిప్పు ముట్టం, ఫోను ముట్టం.

అమ్మ పోయి పన్నెండు నెలలు.
కద్దీషు చెప్పాలి. చెప్పాలంటే పదిమంది ఉండాలి.
తొమ్మిదిమందైతే కీర్తనలు పాడుకోవచ్చు, ఏడవచ్చు,
ఆ ఒక్క ప్రార్థన మాత్రం నోట రాకూడదు.

మనుషుల్ని లెక్కపెట్టకూడదు మాలో.
అందుకని నాన్న మెట్ల మీద చెప్పులు లెక్కపెడతాడు.
చేబ్రోలు కల్లాల్లో కుంచంతో వడ్లు కొలిచిన చెయ్యి,
ఇప్పుడు గోడౌన్ దగ్గర టార్చిలైటు పట్టుకునే చెయ్యి.
లెక్క మాత్రం కల్లందే:
లాభం, రెండు, మూడు,
నాలుగు, ఐదు, ఆరు,
ఆరున్నొకటి...
ఏడు అనడు. అంటే ఏడుపొస్తుందని.
దేవుడు అలసట తీర్చుకున్న దినాన్ని కూడా
ఆరున్నొకటో రోజు అంటాడు మా నాన్న.
ఏడాది అనడం కూడా ఈమధ్య మానేశాడు.
ఎనిమిది.
మొన్ననే పదమూడు నిండిన ఎల్దాదు స్కూలు బూట్లు, తొమ్మిది.

పదోవాడు ఒబేదు, క్రేను మీద ఉన్నాడు.
ఓడ ఇంకా ఖాళీ కాలేదు కాబోలు.
కింద నుంచి పైడితల్లి పిన్ని కేకేసింది:
"ఏటమ్మా, పదిమందీ అయ్యేరా?"
"ఒకరు తక్కువ పిన్నీ."
"మా ఆయన్ని పంపీమంటావేటి? ఊరికే కూకున్నాడు!"
అందరం నవ్వాం. తర్వాత
ఎవరూ ఏమీ అనలేదు చాలాసేపు.

ఆడవాళ్ల చెప్పులు పై మెట్టు మీద, విడిగా,
లెక్క మొదలవని చోట.
నాన్న మళ్లీ లేచాడు.
పై మెట్టు దగ్గర ఆగాడు.
వంగాడు.
తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన నా చెప్పుల్ని
రెండు చేతుల్తో ఎత్తి
కింది మెట్టు మీద, వరసలో మొదట పెట్టాడు.
నా చెప్పులు నువ్వు ముట్టుకోవడమేంటి నాన్నా
అనబోయాను, గొంతు పెగల్లేదు.
నడుం మీద చెయ్యేసుకుని, మొదటి నుంచి:
"లాభం."

అసాఫు మాస్టారు దగ్గారు.
ఏదో పుస్తకంలో ఏదో ఉందన్నారు.
పేజీ దొరకలేదు,
లేదా వెతకలేదు.
నాన్న "పది" అనగానే కళ్లద్దాలు తుడిచి పెట్టుకున్నారు.

యిత్‌గద్దల్ వెయిత్‌కద్దష్...
హీబ్రూ మాటల్ని తెలుగు అక్షరాల్లో
అమ్మ రాసుకున్న నోటుబుక్కు అది.
ఆమె చేతిరాతలోంచే ఆమె కోసం చదివాడు నాన్న.
రెండుచోట్ల తడబడ్డాడు.
అందించాను.

ఒబేదు వచ్చేసరికి రొట్టె తుంచుతున్నాం.
ఒళ్లంతా బొగ్గు, గుమ్మంలోనే ఆగిపోయి
"నా వల్ల ఆగిపోయిందా అసర్యా మావా?" అన్నాడు.
నాన్న జవాబు చెప్పకుండా
జడ కొస తుంచి అతని చేతిలో పెట్టాడు.

ఇంటికి బయల్దేరేటప్పుడు
చెప్పులు కనపడలేదు నాకు.
అలవాటు కొద్దీ
పై మెట్టు మీదే వెతికాను.